లడ్డూ పంచని గుండు

నేను చెప్పేవాటిలో సగం అబద్ధాలని ఈ హిందీ ఉక్కు ఊళ్లో మా అగ్రికో వీధిలో ఒక అభిప్రాయం ఉంది. దాన్ని నేనెప్పుడూ ఖండించలేదు. ఖండిస్తే మిగతా సగం కూడా నమ్మరని భయం. బ్లాస్ట్ ఫర్నేసు మీదుగా ఎగిరిన కాకి గాల్లోనే వేగిపోయి నా టిఫిన్ డబ్బాలో పడిందని ఒకసారి చెప్పాను. అది అబద్ధమే. డబ్బా నాది కాదు.

ఇప్పుడు రాస్తున్న సంగతికి మాత్రం నేను ఉప్పూ కారం చల్లాల్సిన పని లేకపోయింది. యాభై దాటీ దాటకుండానే ముందస్తు రిటైర్మెంటు తీసుకుని ఇంట్లో కూర్చున్నాను. కొత్తగా ఉద్యోగాల్లోకి వెళ్తున్న మీకు చెప్పదగ్గ కేసు నా సర్వీసులో ఇదొక్కటే. ఇందులో చనిపోయిన మనిషి ఒకాయన వారం పాటు డ్యూటీకి వచ్చాడు. ఒక్కరోజు కూడా లేటు కాలేదు. బతికుండగా ఆయనకి ఆ అలవాటు లేదు.

మా కార్ఖానా సెక్యూరిటీ ఆఫీసులో నిఘా విభాగం అని ఒక గది ఉండేది. అందులో బల్ల, ఫ్యాను, నేను. సినిమాల్లో డిటెక్టివుకి పొడుగు కోటు, వంకర టోపీ, నోట్లో సిగరెట్టు ఉంటాయి. నాకు కార్ఖానా వాళ్లిచ్చిన పసుపుపచ్చ రెయిన్‌కోటు, నెత్తిన హెల్మెట్టు, నోట్లో లవంగం. నా దగ్గరికి వచ్చే కేసులు కూడా ఆ స్థాయివే. క్యాంటీన్ కుళాయి ఎవడు పట్టుకెళ్లాడు, క్రేను క్యాబిన్‌లో ఎవడు నిద్రపోయాడు. అయినా ‘జాసూస్ బాబు’ అని పిలిస్తే ఛాతీ కాస్త ముందుకొచ్చేది.

ఆ ఏడు గేట్ల దగ్గర కొత్త మెషిన్లు పెట్టారు. హెల్మెట్టు తీసి దాని ముందు నిలబడితే చాలు. రెప్ప వేసే లోపల మొహం గుర్తుపట్టి, ఆడగొంతుతో పేరు పెట్టి పిలిచి, ‘స్వాగత్ హై’ అని అడ్డుకడ్డీ తిప్పి లోపలికి పంపేది. ఇంట్లో అంత మర్యాదగా ఎవరూ పిలవరని కొందరు వెనక్కి వచ్చి మళ్లీ నిలబడేవాళ్లు. మెషిన్లతో పాటు బెంగళూరు నుంచి ఒక ఇంజనీరు దిగాడు. గుంటూరు వైపు కుర్రాడు, తెలుగువాడు. మెషిన్ గురించి మాట్లాడేటప్పుడు కొత్తగా పెళ్లైనవాడు భార్య గురించి మాట్లాడినట్టుండేది.

వానలు బలంగా పడుతున్న రోజుల్లో ఒక ఉదయం అతను నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

“సార్, మీ గ్యాస్ కటింగు పెద్దాయన పోయారన్నారు కదా?”

“పోయాడు. ఇంట్లో టీ తాగుతూ గుండె ఆగి పోయాడు. పాడె మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇదిగో, ఈ భుజమే, ఇంకా సలుపుతోంది.”

“పోయినవారం ఆయన రోజూ ఉదయం షిఫ్టుకి వచ్చారు సార్.”

ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. మెషిన్ తీసిన ఫొటోలు తపాలా బిళ్ల కంటే కాస్త పెద్దవి. కెమెరా అద్దం మీద వాన చుక్కలు. వాటి వెనక ఒక మొహం. నున్నటి గుండు, మీసం లేదు, ఎడమ కనుబొమ కొంచెం పైకి లేచి, ఎదుటివాణ్ని ఎప్పుడూ ఏదో అడుగుతున్నట్టు. ఆ కనుబొమ నాకు తెలుసు. దాని కిందే నేను పాతికేళ్లు తిట్లు తిన్నాను. నా నోట్లో లవంగం గొంతులోకి జారిపోయింది.

“మెషిన్ పొరపడిందేమో,” అన్నాను దగ్గుతూ.

“మా మెషిన్ పొరపడదు సార్. రిజిస్ట్రేషన్ ఫొటోలో ఆయన, ఇందులో ఆయన, ఒక్కరే.”

రిజిస్ట్రేషన్ ఫొటోలో కూడా గుండే. అప్పట్లో పెద్దాయన సింహాచలం మొక్కు తీర్చుకుని వచ్చాడు. చనిపోయినా బకాయిల లెక్క తేలేదాకా పేరు కంప్యూటర్లోంచి తియ్యరు. అందుకే మెషిన్ ఆయన్ని సాదరంగా లోపలికి పంపింది.

మధ్యాహ్నానికి ఈ సంగతి క్యాంటీన్‌కి చేరింది. షిఫ్టు మొదలయ్యే తోపులాటలో, పక్కపక్కనే ఉన్న మెషిన్లన్నీ ఒకేసారి పేర్లు పిలిచే గోలలో, పెద్దాయన పేరు తామూ విన్నామని పదిమంది బయల్దేరారు. ముందున్నవాణ్ని పిలిచిందేమో అనుకున్నానని ఒకడు, వెనకున్నవాణ్ని అనుకున్నానని ఒకడు. మర్నాడు మెషిన్ ముందు మందార పువ్వు, అగరొత్తి కనిపించాయి. ఇంజనీరు అగరొత్తి పొగ తన కెమెరాకి మంచిది కాదని హిందీలో బోర్డు పెట్టాడు. దానిక్కూడా ఎవరో బొట్టు పెట్టారు.

సెక్యూరిటీ పెద్దసాహెబుకి ఇవేవీ నవ్వు తెప్పించలేదు. నన్నూ ఇంజనీరునీ పిలిచి బల్ల మీద వేలితో కొడుతూ చెప్పాడు. పోయినవాడి మొహంతో ఎవడో లోపలికి వస్తున్నాడు. రబ్బరు ముసుగో, ఇంకేదో. దొరికితే గేటు పాసు రద్దు, ఈ ఊళ్లో ఏ కార్ఖానాలోనూ మళ్లీ పని దొరకదు, ఆపైన పోలీసులు. “పకడో ఉస్కో,” వాణ్ని పట్టుకో అన్నాడు నా వైపు చూసి. నా సర్వీసులో నన్నెవరూ అంత నమ్మకంగా చూడలేదు.

పసుపు రెయిన్‌కోటు వేసుకుని గేటు పక్కన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. పొగగొట్టాల పొగ వానకి కిందికి దిగి, వచ్చేవాళ్ల మొహాలన్నీ బూడిదరంగులో కనిపిస్తున్నాయి. నిజం డిటెక్టివులాగే ఉన్నానని నాకు గట్టి నమ్మకం. వచ్చే ప్రతివాడూ “జాసూస్ బాబూ, భూతం వచ్చిందా?” అని అడిగి వెళ్తున్నాడు. భూతం రాలేదు. నేను కాపలా మొదలెట్టిన రోజు నుంచి పెద్దాయన రావడం మానేశాడు. పెద్దాయన వచ్చిన ఆ వారంలో గేటులో పేరు పడనివాళ్లు ఎవరో చూద్దామంటే, చుట్టుపక్కల ఊళ్ల కాంట్రాక్టు మనుషుల్లో సగం మంది వరినాట్లకి వెళ్లిపోయారు. తిరపతి వెళ్లి వచ్చిన మన తెలుగువాళ్లు ఒక బోగీ నిండా ఉన్నారు. రాని మనుషుల పేర్లతో కార్ఖానానే నడపొచ్చు.

నా మొదటి అనుమానం పెద్దాయన తమ్ముడి కొడుకు మీద. ఆయనకిద్దరూ ఆడపిల్లలే కాబట్టి కర్మ చేసింది అతనే. కర్మ చేసినవాడికి గుండు ఉంటుంది, మీసం ఉండదు, పోలిక కూడా ఉండొచ్చు. కేసు తేలిపోయిందనుకుని అగ్రికోలో పెద్దాయన క్వార్టరుకి వెళ్లాను. ఆయన భార్య చాప మీద కూర్చుని ఉంది.

“ఏటి బావూ, ఆయన డూటీకెల్తన్నాడంటన్నారు, నిజమేనా?”

“అందుకే వచ్చాను వదినా. మీ మరిది కొడుకు ఎక్కడున్నాడు?”

“ఆడా? సోంపేటనుంచొచ్చి కరమ సేసి ఆ రోజే బండెక్కీసినాడు. ఆడికి ఆయన పోలికేటి, మేనమావ పోలిక. బుంగ మొహం.”

నా కేసు గుమ్మంలోనే కూలిపోయింది. ఊరికే పోవడం ఎందుకని ఫోన్లో ఫొటో చూపించాను. కళ్లజోడు తెచ్చుకుని చాలాసేపు చూసింది. జడుసుకుంటుందేమో అనుకున్నాను.

“తడిసిపోతన్నాడు గదా,” అంది ముందు. తర్వాత తల అడ్డంగా ఊపింది. “ఈయన కాదు బావూ. ఈయనకి ఈ వొయిసు ఎప్పుడో దాటిపోనాది. నన్ను పెల్లి సేసుకున్నప్పుడు ఇలాగుండేవోడు. నాది రెండో సమ్మందం గదా, మొదటావిడ పురిట్లో పోనాక నన్ను సేసుకున్నాడు. అప్పుడూ ఇదే మొహం.”

అంటే మెషిన్ ముందు నిలబడ్డది పెద్దాయన మొహమే, కాని చాలా చిన్న వయసు. ముసుగు కాదు, దెయ్యం కాదు. దెయ్యాలు వయసు తగ్గించుకుని రావడం నేను కూడా ఎప్పుడూ కల్పించలేదు.

గదికి వచ్చి ఆకలేసి సొరుగు తీశాను. సొరుగు నిండా తిరపతి లడ్డూలు. తిరపతి వెళ్లొచ్చినవాడు తెలుగువాడైతే కనిపించిన ప్రతి తెలుగువాడికీ ప్రసాదం చేతిలో పెట్టకుండా ఊరుకోడు. ఆ రెండు వారాల్లో ప్రతి గుండూ నాకొక ముక్క ఇచ్చింది. అప్పుడు గుర్తొచ్చాడు మా కాంట్రాక్టు వెల్డరు కుర్రాడు. పాతికేళ్లు దాటినవాడు, ఒత్తుగా గడ్డం మీసం పెంచేవాడు. గుండుతో ఎదురైతే “తిరపతేనా అల్లుడా? లడ్డూ ఏదిరా?” అని నేనే చెయ్యి చాపాను. “అయిపోనాయి మావయ్యా” అని తల వంచుకుని వెళ్లిపోయాడు. లడ్డూలు అయిపోతాయా? ఇంట్లో తినడం మానేసి అయినా పంచుతారు కదా.

ఇంకోటి కూడా అప్పుడే తట్టింది. వాడికి మీసం కూడా లేదు. ఇప్పటి కుర్రాళ్లు ఫ్యాషన్‌కి మీసం తీస్తారు, నిజమే. కాని శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా పాత కుటుంబాల్లో, తండ్రి బతికున్నవాడు తిరపతిలో గుండు చేయించుకున్నా మీసం మాత్రం ఉంచమని మరీ చెప్తాడు. తండ్రి ఉండగా గుండుతో పాటు మీసం తీసెయ్యడమంటే తండ్రికి కర్మ చేసినట్టే. మరి వీడి తండ్రి గోవింద్‌పూర్‌లో లారీల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరై, ముందటి ఆదివారమే చేపల బజారులో నాకు బేరం ఎలా ఆడాలో చెప్పి తన సంచిలోకి మంచి చేప వేసుకుని వెళ్లిన మనిషి. నిక్షేపంగా ఉన్నాడు.

తండ్రి బతికుండగా ఎవరి కోసం తీశాడు?

ఇంజనీరు దగ్గరికి వెళ్లాను. “ఈ కుర్రాడి విషయంలో నీ మెషిన్ ఎప్పుడైనా మారాం చేసిందా?”

అతని చెవులు ఎర్రబడ్డాయి. “రిజిస్ట్రేషన్ రోజు చేసింది సార్. ఈ మొహం ఇంతకుముందే ఉంది, పెద్దాయనదే అంది. ఇద్దరూ క్యూలో ముందూ వెనకా ఉన్నారు. ఆయన ముసలాయన, ఇతనికి గడ్డం. చూస్తే నవ్వొచ్చింది. నేనే పైకి చెప్పి నవ్వించాను కూడా. తర్వాత బటన్ నొక్కి దాటించేశాను.”

“అప్పుడు వాళ్లు నవ్వారా?”

ఇంజనీరు ఆలోచించాడు. “అందరూ నవ్వారు. వాళ్లిద్దరూ నవ్వలేదు సార్.”

షిఫ్టు అయ్యాక కుర్రాణ్ని జుగ్సలాయి సందులో ఒక గోదాము పక్కన టీకొట్టుకి తీసుకెళ్లాను. చిన్న వాన. బస్తాలు దింపేవాళ్ల అరుపుల మధ్య ఎవరి మాట ఎవరికీ వినపడదు. రహస్యాలకి అంతకంటే మంచి చోటు లేదు. వాడి తల మీద అప్పటికే నల్లగా మొలక వచ్చింది, పెదవి మీద కూడా. మెషిన్‌కి మళ్లీ వాడు వాడుగానే కనిపిస్తున్నాడన్నమాట. నా కాపలాకి జడిసి పారిపోయిన దెయ్యమేదీ లేదు. జుత్తు పెరిగింది, అంతే.

“తిరపతి ఎల్లలేదు కదరా?”

“లేదు.”

“ఎక్కడ తీయించుకున్నావు?”

“ఏటి దగ్గిర. పదో రోజు. ఆ పక్క ఆయన తమ్ముడి కొడుకు కరమ సేత్తన్నాడు. నాను ఈ పక్క సెట్టు సాటున కూకున్నాను.”

టీ గ్లాసు చేతుల మధ్య తిప్పుతూ చెప్పాడు. మెషిన్ ఆ మాట అన్నప్పుడు పెద్దాయన మొహం పాలిపోవడం వీడు చూశాడు. అంతకుముందు కూడా వీడికి అమ్మా అయ్యా పోలిక లేదని ఎవరో ఒకరు హాస్యమాడుతూనే ఉండేవారు. మర్నాడు క్యాంటీన్‌లో పెద్దాయన ఎదురుగా కూర్చుని, ‘నాను నీకేటవుతాను’ అని నేరుగా అడిగేశాడు.

“ఏటన్నాడు?”

“ఏటీ అన్లేదు మావయ్యా. డబ్బాలోంచి సేప ముక్క తీసి నా పల్లెంలో ఏసినాడు. ఆ రోజునుంచి రోజూ ఏసీవోడు. అంతే. కభీ ముహ్ సే నహీఁ బోలా, నోటితో ఎప్పుడూ సెప్పలేదు.”

“మరి మెషిన్ ఆయన పేరుతో పిలుస్తూంటే చెప్పొద్దా? వారం పాటు అలాగే లోపలికి పోయావు!”

“మొదటి రోజు జడిసిపోనాను. రొండో రోజు...” ఆగి, రోడ్డు వైపు చూశాడు. “ఆయన పేరెట్టి నన్ను పిలిసింది అదొక్కటే గదా మావయ్యా.”

నేను ఇంకో రెండు టీలు చెప్పాను. గ్లాసు అందుకుని వాడే అన్నాడు. “దొంగనని రాసీండి. ముసుగేసుకున్నానని రాసీండి. పని పోతే పోనీ. మా అయ్యకి మాత్రం తెలీకూడదు. ఆయన బతికుండగా మీసం తీసీసినానని తెలిస్తే సచ్చిపోతాడు. పెంచినోణ్ని వొదిలీసి పోయినోణ్ని అయ్యన్నాననుకుంటాడు.”

వాడి పనీ, వాడి రహస్యమూ రెండూ నా జేబులో పడ్డాయి. ఒకటి కాపాడితే రెండోది పోతుంది. నాకు వచ్చిన విద్య ఒకటే కాబట్టి, ఒక కథ కట్టడం మొదలుపెట్టాను. లెన్సు మీద వాన చుక్క, దాని వెనక ఫర్నేసు ఆవిరి, ఆవిరిలో పాత ఫొటో ప్రతిబింబం. అద్భుతంగా వచ్చింది. రెండు మూడు చోట్ల నేనే నమ్మాను.

కాని ఆ కథ చెప్పే వేళకి ఇంజనీరు తన మెషిన్ పరువు కోసం సొంతంగా దర్యాప్తు చేశాడు. కార్ఖానాలో అందరి మొహాల్లోంచీ జుత్తులూ గడ్డాలూ మీసాలూ గీసి చూడమని దానికి చెప్పాడట. అది నిమిషంలో వెల్డరు పేరు ఇచ్చింది. అతను అమాయకంగా అది పెద్దసాహెబుకి చెప్పేశాడు.

విచారణ రోజు పొద్దున్నే గదిలో పెద్దసాహెబు, ఇంజనీరు, కాంట్రాక్టరు గుమస్తా, గోడవారన వెల్డరు. నేను వాన చుక్క కథ ఎత్తుకున్నాను. ఆవిరి దగ్గరికి వచ్చేసరికి పెద్దసాహెబు ముందుకి వంగాడు. ప్రతిబింబం దగ్గరికి వచ్చేసరికి ఇంజనీరు లేచి నిలబడ్డాడు.

“అలా జరగదు సార్! సైన్సు అది!”

“సైన్సే కదా, వానలో తడిస్తే దానికీ జలుబు చేస్తుంది,” అన్నాను.

పెద్దసాహెబు చెయ్యెత్తి ఆపి, కుర్రాడి వైపు తిరిగాడు. “తూ బోల్. క్యోఁ కియా?” నువ్వు చెప్పు, ఎందుకు చేశావని.

వాడు నేల చూస్తున్నాడు. “గల్తీ హో గయా సర్.” తప్పయిపోయిందని, అంతే. ఎందుకో చెప్పడు. చెప్పనందుకే పాసు రద్దు అవుతుందని గదిలో అందరికీ అర్థమైంది. అప్పుడు గుమస్తా తన తెలివి చూపించుకున్నాడు. కుర్రాడి ఇంటికి ఫోన్ చేశాననీ, పెద్దవాళ్లు బయట ఉన్నారనీ చెప్పి తలుపు తీశాడు.

వాడి తండ్రి లోపలికి వచ్చాడు. తడిసిన గొడుగు, ఇస్త్రీ చొక్కా, ముగ్గుబుట్టలాంటి మీసం. కుర్రాడు అరచేత్తో పై పెదవి కప్పుకున్నాడు. ముసలాయన కొడుకు వైపు చూడలేదు. గొడుగు గోడకి ఆనించి, పెద్దసాహెబుకి నమస్కారం పెట్టాడు.

“సాహెబ్, ఇస్‌కే దో బాప్ హైఁ. ఆప్‌కీ మషీన్ ఏక్ కో పెహచాన్ గయీ. దూస్‌రా మైఁ హూఁ.”

వీడికి తండ్రులిద్దరు, మీ మెషిన్ ఒకణ్ని గుర్తుపట్టింది, రెండోవాణ్ని నేను. అంత నింపాదిగా, ఇంటి అడ్రసు చెప్పినట్టు చెప్పాడు. తర్వాత మిగతాదీ చెప్పాడు. పెద్దాయన మొదటి భార్య పురిట్లో పోయింది. పసిగుడ్డుని పెంచే దిక్కు లేదు. పక్క క్వార్టర్లో పిల్లల్లేని స్నేహితుడూ అతని భార్యా ఎత్తుకున్నారు. బిడ్డకి ఎప్పుడూ చెప్పకూడదని ఒట్టు. ఆ ఒట్టు ఇబ్బంది కాకూడదని వీళ్లు గోవింద్‌పూర్ వెళ్లిపోయారు. పెద్దాయన పోయేదాకా మాట తప్పలేదు.

“అందుకే డూప్లికేట్ అంది!” అని ఇంజనీరు చప్పట్లు కొట్టాడు. అందరూ తన వైపు చూసేసరికి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

పెద్దసాహెబు ఫైలు మూసి, “సొంత మొహంతో, సొంత డ్యూటీకి వచ్చినవాడి మీద నేనేం రాయను?” అని హిందీలో గొణిగాడు. గుండు ఫొటో కూడా కుర్రాడి పేరు మీద ఎక్కించమన్నాడు, పెద్దాయన పేరు ఆ రోజే తియ్యమన్నాడు. నన్ను మాత్రం ఆపి, “మరైతే భూతం లేదు కదా?” అని మెల్లగా అడిగాడు. లేదన్నాను. ఆ పదిరోజులూ ఆయన వెనక గేటు నుంచి వస్తున్నాడని నాకు అప్పుడు తెలిసింది. నాకంటే, కుర్రాడికంటే, ఊపిరి గట్టిగా వదిలింది ఆయనే.

బయట వరండాలో తండ్రీ కొడుకులు నిలబడి ఉన్నారు. వాన తగ్గాక వెళ్దామని. నేను లవంగం వెతుక్కుంటున్నట్టు జేబులు తడుముకుంటూ దగ్గరలోనే ఉండిపోయాను. వృత్తి అలవాటు.

“నీకెలా తెలిసినాది అయ్యా?” అన్నాడు కుర్రాడు చివరికి.

“ఏటి దగ్గిర మంగలాయన మనకి తెలిసినోడే, ఫోన్ సేసినాడ్రా. తల గొరిగీసినాను గాని, తండ్రి బతికున్నోడి మీసం మీద కత్తెట్టనన్నాడు. నన్నడిగినాడు.”

“నువ్వేటన్నావు?”

“తీసీమన్నాను. పోయింది ఆడి తండ్రే గదా అన్నాను.”

కుర్రాడు వరండా గట్టు మీద కూలబడ్డాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ముసలాయన పక్కనే నిలబడి వానని చూస్తున్నాడు.

“అయితే కోపం లేదా? సచ్ మే?”

“కోపమేటి?” ముసలాయన గొడుగు విప్పి, కొడుకు తల మీద మొలక జుత్తుని అరచేత్తో ఒకసారి రుద్దాడు. “మీసం మాత్రం తొరగా పెంచు. నాను బతికే ఉన్నానని నలుగురికీ తెలవాల గదా.”